హారన్ మీద తగువులో గది మాట ఎక్కడ?

కోనసీమలో పిల్లలు కొబ్బరాకుతో బూర చేస్తారు. ఆకు నుంచి ఈనె తీసేసి, కొసను చిన్న పీకలా మడిచి, మిగతా ఆకును దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టుకుంటూ పోతే గరాటు ఆకారం వస్తుంది. విడిపోకుండా చివర ఈనె ముక్క గుచ్చుతారు. పీకను ఒక్కదాన్నే పెదాల మధ్య పెట్టుకుని ఊదితే సన్నగా "పీ" మంటుంది, పక్క గదిలోకి కూడా వినపడదు. అదే పీక, అదే ఊపిరి, చుట్టూ గరాటు చేరేసరికి కాలవ అవతలి గట్టు దాకా వినపడుతుంది. పీకకు కొత్తగా బలమేమీ రాలేదు. ఉన్న బలం గాలికి అందే దారి దొరికిందంతే. సన్నాయి చేసేదీ ఇదే పని. హారన్ స్పీకర్ చేసేదీ ఇదే.

ఇంట్లో పాట వినడాన్ని శ్రద్ధగా పట్టించుకునే వాళ్ల మధ్య ఈ హారన్ గురించి చాలా కాలంగా తగువు ఉంది. అమెరికాలో ఉంది, జపాన్‌లో ఉంది, మన రాజమండ్రి, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో పాత వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్లిఫైయర్లను బాగు చేయించుకుని వినేవాళ్లు నలుగురు కూర్చున్న చోటా ఉంటుంది. హారన్‌లో విన్నాక మామూలు డబ్బా స్పీకర్‌లో పాట చచ్చుగా ఉంటుందనీ, గాయకుడు ఎదురుగా కూర్చున్నట్టు ఉండదనీ ఒక పక్షం అంటుంది. హారన్‌లో గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుందనీ, అరగంట వింటే తల పట్టుకోవాల్సి వస్తుందనీ రెండో పక్షం అంటుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్న తీరులో మాట పెరుగుతుంది.

నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ విన్నది విన్నట్టే చెబుతున్నారు. కాకపోతే ఒకరు విన్న హారన్ వేరు, ఇంకొకరు విన్న హారన్ వేరు. అంతకంటే ముఖ్యంగా, విన్న గదులు వేరు. ఈ రెండో సంగతి మాత్రం వాదనలోకి దాదాపు రాదు. డెల్టాలో కట్టుకునే ఇళ్లను చూస్తే అసలు విషయమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

గదిలోకి వెళ్లే ముందు బయట మోగే మైకు సంగతి చూడాలి. ఎందుకంటే ఇక్కడ హారన్ అనగానే చెవికి గుర్తొచ్చేది అదే. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడి మీద నుంచి వచ్చే పాశురాలు, కార్తీకంలో రేవుల దగ్గర, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, పెళ్లి పందిట్లో, ఎన్నికల ఆటోల మీద, అన్నిటికీ అదే బూడిద రంగు బాకా. కొబ్బరి చెట్టుకు తాడేసి కట్టి, అక్కడ నుంచి వైరు లాగి, నాలుగు పొలాల అవతల యాంప్లిఫైయర్ దగ్గర మైకు సెట్టు కుర్రాడు కూర్చుంటాడు. ఆ బాకా మూతి అడుగున్నర వెడల్పుంటుంది. దానికి అందేది సుమారు 300 హెర్ట్జ్ (సెకనుకు 300 కంపనాలు) నుంచి ఐదారు వేల హెర్ట్జ్ వరకే. మాట అర్థమవడానికి అది చాలు. దాన్ని తయారు చేసిందీ అందుకే. మృదంగం తొప్పి (ఎడమ వైపు) మోత దాని గుండా రాదు, తాళాల తళుకూ రాదు. పైగా యాంప్లిఫైయర్‌ను శక్తికి మించి తిప్పుతారు. అప్పుడు శబ్ద తరంగం పైనా కిందా కత్తిరించినట్టయిపోయి, పాటలో లేని కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. అవి ఎక్కువగా రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్య, అంటే మనిషి చెవికి సూదిలా తగిలే చోటే పడతాయి. గూబ గుయ్యిమనడానికి కారణం అది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్లు వద్దన్నాయంటే, ఆ మోత జనాన్ని ఎంత విసిగించిందో తెలుస్తుంది.

కాబట్టి డెల్టాలో పెరిగిన మనిషి హారన్ అంటే మొహం చిట్లించడం సహజం. కానీ ఆ చెవి గుర్తుపెట్టుకున్నది హారన్ అనే సూత్రాన్ని కాదు. పొదుపుగా మడిచిన బాకానీ, దాని వెనక శక్తికి మించి అరిపించిన యాంప్లిఫైయర్‌నీ.

ఇక సూత్రం విషయానికొద్దాం. మామూలు స్పీకర్‌లో కాగితం కోన్ ముందుకూ వెనక్కూ ఊగి గాలిని తోస్తుంది. కోన్ బరువైనది, గాలి తేలికైనది. చేత్తో నీళ్లను తోస్తే నీళ్లు కదులుతాయి, అదే చెయ్యి గాలిలో ఊపితే బలమంతా చెయ్యి ఊపడానికే సరిపోతుంది. అలా ఆ బలంలో ఎక్కువ భాగం వృథా. ఒక మంచి డబ్బా స్పీకర్‌కు 100 వాట్లు పంపితే శబ్దంగా గదిలోకి వచ్చేది ఒక వాటు లోపే, మిగతాదంతా కోన్‌ను ఊపే కాయిల్‌లో (తీగచుట్టలో) వేడిగా పోతుంది. హారన్‌లో చిన్న డయాఫ్రమ్ (ఊగే పల్చటి రేకు) ముందు సన్నటి గొంతు ఉంటుంది. ఆ ఇరుకులో గాలి తేలిగ్గా తప్పించుకోలేదు, కాబట్టి డయాఫ్రమ్‌కు తోయడానికి ఒక ఆసరా దొరుకుతుంది. అక్కడ పుట్టిన ఒత్తిడి మెల్లమెల్లగా వెడల్పయ్యే దారిలో నడిచి మూతి దగ్గర బయటి గాలితో కలిసిపోతుంది. మంచి హారన్‌లో పంపిన బలంలో ఐదో వంతు, ఇంకా ఎక్కువ కూడా శబ్దంగా మారుతుంది.

దీన్నే సామర్థ్యం లెక్కలో చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే మామూలు డబ్బా 87 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, పెద్ద హారన్ 105 దాటుతుంది. ఆ 18 డెసిబెల్స్ తేడా అంటే బలంలో 60 రెట్ల పైచిలుకు. డబ్బాకు 60 వాట్లు కావలసిన చోట హారన్‌కు ఒక వాటు సరిపోతుంది. ఇందులో కొంత భాగం, హారన్ శబ్దాన్ని నలుదిక్కులా చిమ్మకుండా ముందుకే పంపడం వల్ల వచ్చింది. ఈ చివరి వాక్యమే తరవాత గది దగ్గర పనికొస్తుంది.

హారన్ గొంతు వెనక శబ్దం పుట్టించే యూనిట్‌ను విప్పి చూస్తే తప్ప ఎంత నాజూకైన వ్యవహారమో అర్థం కాదు. మూడు స్క్రూలు తీసి వెనక మూత లేపితే గోధుమ రంగు డయాఫ్రమ్ కనపడుతుంది, బొమ్మ గిన్నెను బోర్లించినట్టు, వేలితో తాకితే సొట్ట పడేంత పల్చగా. అంచున తల వెంట్రుక కంటే కాస్త లావు తీగతో చుట్టిన కాయిల్, అయస్కాంతం సందులో దిగి ఉంటుంది. డయాఫ్రమ్‌ను జాగ్రత్తగా పైకి లాగితే దాని కింద సన్నటి వలయాలుగా చీలికలున్న ఒక దిమ్మె ఉంటుంది. గిన్నె మధ్య నుంచి పుట్టిన శబ్దం, అంచు నుంచి పుట్టిన శబ్దం ఒకేసారి గొంతులోకి చేరాలి, లేకపోతే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆ చీలికలు ఉన్నది వాటి దారుల పొడవు సమానం చెయ్యడానికి. డయాఫ్రమ్‌కూ దిమ్మెకూ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు. సముద్రపు గాలి తగిలే అంతర్వేది వైపు ఊళ్లలో ఆ సందులో తుప్పు పొర లేస్తే చాలు, కాయిల్ రాసుకుని పాటలో గరగర మొదలవుతుంది. చాలామంది ఆ గరగరను హారన్ స్వభావమనుకుని హారన్‌నే తిట్టుకుంటారు.

హారన్ ఎక్కడ పుట్టి ఎందుకు ఇళ్లలోంచి బయటికి పోయిందో చెబితే తగువులో సగం అర్థమవుతుంది. 1915లో అమెరికాలో జెన్సన్, ప్రిడమ్ అనే ఇద్దరు కరెంటుతో కదిలే కాయిల్‌కు గ్రామఫోన్ బాకా తగిలించి శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగ సభకు మాట వినిపించారు. 1919లో వెబ్‌స్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త హారన్‌లో శబ్దం ఎలా నడుస్తుందో సమీకరణం ఇచ్చాడు. 1926లో వెంట్, థురాస్ వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కోసం తయారు చేసిన 555 యూనిట్‌తో సినిమా హాళ్లు మాట్లాడటం మొదలెట్టాయి. అప్పట్లో యాంప్లిఫైయర్ ఇచ్చేది కొద్ది వాట్లే. వెయ్యి మంది హాలును ఆ కొద్ది వాట్లతో నింపాలంటే హారన్ తప్ప దారి లేదు. 1932లో తొలి తెలుగు టాకీ వచ్చేనాటికి తెర వెనక హారన్ ఉండటం ప్రపంచమంతటా మామూలు పద్ధతి. తరవాత 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని చిన్న డబ్బాలో లోతైన బేస్ వినిపించాడు. దానికి బలం ఎక్కువ కావాలి, కానీ ట్రాన్సిస్టర్లు వచ్చాక వాట్లు చవకైపోయాయి. బీరువాలాంటి హారన్ పెట్టుకునే అవసరం తీరిపోయింది. అంటే ఇళ్లలో హారన్ ఓడిపోయింది శబ్దం దగ్గర కాదు, చోటు దగ్గర.

ఆ చోటు లెక్క నిజంగానే కఠినమైనది. హారన్ ఒక స్వరాన్ని సరిగ్గా మొయ్యాలంటే దాని మూతి చుట్టుకొలత ఆ స్వరపు తరంగం పొడవంత ఉండాలి. 500 హెర్ట్జ్‌కు తరంగం 69 సెంటీమీటర్లు, మూతి 22 సెంటీమీటర్ల వెడల్పుంటే చాలు. 100 హెర్ట్జ్‌కు మీటరు దాటిన వెడల్పు కావాలి. 40 హెర్ట్జ్‌కు? రెండున్నర మీటర్ల పైమాటే. అది గదిలో పట్టే వస్తువు కాదు, అదే ఒక గది. పాల్ క్లిప్ష్ దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టాడు. హారన్‌ను మడిచి గది మూలలో పెడితే, రెండు గోడలూ నేలా కలిసి మిగతా బాకా పని చేస్తాయి, మూతి ఎనిమిదో వంతుకు తగ్గినా సరిపోతుంది. 1946లో అమెరికాలోని హోప్ అనే చిన్న ఊళ్లో ఆయన పెట్టిన కంపెనీ ఆ మూల హారన్‌ను ఇప్పటికీ చేస్తోంది.

మన ఇళ్లలో ఈ ఉపాయం ఎక్కడ ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. జతగా రెండు స్పీకర్లకు ఒకే గోడకున్న రెండు మూలలూ కావాలి, తలుపూ కిటికీ అడ్డం లేకుండా. ఉత్తరం గోడ ఎంచుకున్నా, తూర్పు గోడ ఎంచుకున్నా రెండు మూలల్లో ఒకటి ఈశాన్యం అవుతుంది. ఈశాన్యంలో బరువు పెట్టనిచ్చే ఇల్లాలు డెల్టాలో ఎంతమంది ఉంటారు? మిగిలిన మూలల్లో బీరువా ఉంటుంది, లేదా వంటింటి గుమ్మం ఉంటుంది. ఈమధ్య నమూనాల్లో వెనక భాగం మూసేసి మూల నియమాన్ని కాస్త సడలించారు, అయినా ఛాతీ ఎత్తున్న వస్తువు వస్తువే. అందుకని బేస్‌కు హారన్ అనే ముచ్చట ఇక్కడి ఇళ్లలో మానుకోవడమే మేలు. కింది స్వరాలకు పెద్ద వూఫర్ (బేస్ స్పీకర్), ఏడెనిమిది వందల హెర్ట్జ్ నుంచి పైకి హారన్, ఈ అమరికే ఆచరణకు నిలుస్తుంది. పాత సినిమా హాళ్లలో పేరు పడ్డ ఆల్టెక్ ఏ7 స్పీకర్ కూడా దాదాపు ఈ పద్ధతిదే.

ఇప్పుడు ఆ కుండ గొంతు సంగతి. అది కల్పన కాదు, దానికి కారణాలున్నాయి. మూతి చిన్నదై, అంచు అకస్మాత్తుగా తెగిపోతే శబ్దం కొంత బయటికి పోకుండా గొంతు వైపు తిరిగి వస్తుంది. అలా లోపల అటూ ఇటూ కొట్టుకున్న శబ్దం కొన్ని స్వరాలను ఉబ్బించి కొన్నిటిని నొక్కేస్తుంది. చేతులు రెండూ దొప్పలా నోటి ముందు పెట్టుకుని మాట్లాడితే గొంతు ఎలా మారుతుందో సరిగ్గా అదే. రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. పాతకాలపు హారన్లు కింది స్వరాలను వెడల్పుగా, పై స్వరాలను టార్చి లైటులా సన్నగా పంపేవి. సరిగ్గా ఎదురుగా కూర్చున్నవాడికి ఒక పాట, పక్క కుర్చీవాడికి ఇంకో పాట. 1975 ప్రాంతంలో డాన్ కీల్ అనే ఇంజనీరు అన్ని స్వరాలనూ ఒకే కోణంలో పంపే హారన్ ఆకారాన్ని తెచ్చాడు. దానితో పక్క కుర్చీవాడికీ అదే పాట అందింది గాని, లోపల పదునైన మలుపుల దగ్గర శబ్దం చెదిరి కొత్త గరుకు వచ్చింది. 1989లో ఎర్ల్ గెడ్డెస్ మెల్లగా, మలుపు కనపడకుండా విచ్చుకునే ఆకారాన్ని లెక్కగట్టి చూపించాడు. దీన్ని హారన్ అనకుండా వేవ్‌గైడ్ అనడం మొదలెట్టారు, ఎందుకంటే దీని ముఖ్యోద్దేశం మోత పెంచడం కాదు, శబ్దాన్ని ఒక పద్ధతిలో నడిపించడం. ఇవాళ స్టూడియోల్లో వాడే జెనెలెక్, జేబీఎల్ మానిటర్ స్పీకర్లలో ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) చుట్టూ పళ్లెంలా గుంటగా కనిపించేది అదే. హారన్ అంటే గిట్టదనేవాళ్లలో చాలామంది తమ బల్ల మీద ఒక పొట్టి హారన్ పెట్టుకునే వింటున్నారు. వాళ్లకు గిట్టనిది పాత ఆకారం మాత్రమే.

ఈ దిశ విషయమే మనల్ని గదిలోకి తీసుకొస్తుంది. డెల్టాలో ఇవాళ కట్టే ఇంట్లో హాలైనా పడక గదైనా ఒకటే తీరు: పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైటు, చుట్టూ ఇటుక గోడకు సిమెంటు పూత, దాని మీద పుట్టీ. గృహప్రవేశానికి ముందు ఖాళీ గదిలో చప్పట్లు కొడితే "ట్రింగ్" మని ఒక లోహపు మోత గోడల మధ్య పరుగెత్తడం అందరూ వినే ఉంటారు. హార్వర్డ్‌లో 1890ల చివర వాలెస్ సేబిన్ కట్టిన లెక్క ప్రకారం చూద్దాం. 12 అడుగులు, 14 అడుగులు, ఎత్తు పదడుగుల గది అంటే సుమారు 48 ఘన మీటర్లు. గోడలు శబ్దంలో మూడు శాతమే పీల్చుకుంటే, ఖాళీ గదిలో ఆ మోత అణగడానికి మూడు సెకన్లు పడుతుంది. సోఫా, మంచం, పరదాలు, ఇద్దరు మనుషులు చేరాక అది ముప్పావు, ఒక సెకను మధ్యకు దిగుతుంది. పాట వినే చిన్న గదికి అర సెకను, అంతకు లోపు ఉంటే మంచిదని శబ్ద నిపుణుల మాట. చిన్న గదులకు ఈ సూత్రం కచ్చితంగా వర్తించదు గాని, ఉజ్జాయింపుకు బాగానే పనికొస్తుంది.

ఇలాంటి గదిలో కూర్చుని వినేవాడి చెవికి రెండు పాటలు చేరతాయి. ఒకటి స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది, ఇంకోటి గోడలు, స్లాబు, నేల తిప్పి పంపేది. స్పీకర్‌కు దగ్గరగా ఉంటే మొదటిది గెలుస్తుంది, దూరం జరిగితే రెండోది. రెండూ సమానమయ్యే దూరం ఎంత? మోత 0.9 సెకన్లున్న ఆ గదిలోనే లెక్కిస్తే, నలుదిక్కులా శబ్దం చిమ్మే స్పీకర్‌కు 40 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద జానెడు. శబ్దాన్ని పది రెట్లు ముందుకే పోగేసే హారన్‌కు 1.3 మీటర్లు. ఎనిమిదడుగుల దూరంలో సోఫాలో కూర్చున్నవాడు రెండు సందర్భాల్లోనూ గది పాటే ఎక్కువ వింటున్నాడు, కానీ హారన్‌తో గాయకుడి వాటా బాగా పెరుగుతుంది. హారన్ ప్రేమికులు చెప్పే "మనిషి ఎదురుగా ఉన్నట్టు" అన్న మాటకు అసలు మూలం ఇక్కడ ఉంది. వాల్వుల్లోనో వైర్లలోనో దాన్ని వెతకడం వల్ల వాదన పక్కదారి పడుతోంది.

ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. అంతర్జాతీయ పత్రికల్లో రివ్యూలు రాసేవాళ్ల గదుల్లో కార్పెట్లు, చెక్క నేల, పొడి జిప్సం గోడలు ఉంటాయి. అక్కడ వెడల్పుగా విరజిమ్మే డోమ్ ట్వీటర్ గదిని హాయిగా నింపుతుంది. అదే డబ్బాను తణుకులో స్లాబు గదిలో పెడితే పై స్వరాలు గోడల మీద మెరుస్తాయి. "స" అక్షరాలు ఈలలేస్తాయి. దోషం స్పీకర్‌ది కాదు, గదిది. డబ్బు పోసి కొన్నవాడు మాత్రం స్పీకర్‌నే మారుస్తూ పోతాడు.

హారన్ ఒక్కటే మందు కాదు. సేబిన్ తన లెక్కలో పీల్చే శక్తికి కొలమానంగా తెరిచిన కిటికీని తీసుకున్నాడు, ఎందుకంటే తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు. నాలుగడుగుల కిటికీలు రెండు, ఒక గుమ్మం తెరిచి పెడితే ఆ గదిలో మోత 0.9 నుంచి 0.6 లోపుకు దిగుతుంది. పైసా ఖర్చు లేదు. కోనసీమ పాత మండువా లోగిళ్లలో ఈ మేలు కట్టడంలోనే ఉండేది: నడిమిన ఆకాశం, చుట్టూ పెంకుల చూరు, వసారాలో చెక్క స్తంభాలు. అలాంటి ఇంట్లో మామూలు డబ్బా స్పీకర్ కూడా విశాలంగా, అలసట లేకుండా పాడుతుంది, హారన్ అవసరమే కనపడదు. మండువాలు కూలగొట్టి స్లాబులు పోశాక మారింది గది. ఆ మార్పు జరిగి నలభై యాభై ఏళ్లయినా, స్పీకర్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అయితే దిశ అనేది మూతి వెడల్పును బట్టే ఉంటుంది, హారన్ అన్న పేరును బట్టి కాదు. కీల్ ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం ప్రకారం శబ్దాన్ని తొంభై డిగ్రీల కోణంలో పంపే హారన్ మూతి 12 అంగుళాలుంటే, పై స్వరాల నుంచి కిందికి సుమారు 900 హెర్ట్జ్ దాకా పట్టు నిలుపుకుంటుంది. ఐదంగుళాల మూతి అయితే 2,200 దగ్గరే పట్టు జారిపోతుంది. గొంతులోని ప్రాణమంతా ఆ మధ్యలోనే ఉంటుంది. అందుకే బజారులో దొరికే చిన్న హారన్ ట్వీటర్ తెచ్చి డబ్బా మీద బిగించుకుంటే హారన్ లాభం రాదు, దాని గరుకు మాత్రం వస్తుంది. పన్నెండంగుళాల వూఫర్ తనంతట తానే వెయ్యి హెర్ట్జ్ దగ్గర తొంభై డిగ్రీలకు ఇరుకవుతుంది. దానికి పన్నెండంగుళాల హారన్ జోడిస్తే అతుకు కనపడదు. గోదావరి జిల్లాల్లో సొంతంగా డబ్బా కొట్టించుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చే లెక్క ఇదే, ఖరీదైన వైరు గురించిన మాట కాదు. వడ్రంగికి ఇచ్చే చెక్క విషయంలో ఒక్క మాట: ఈ తేమలో ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే పలక) అంచులు ఉబ్బుతాయి, ప్లైవుడ్ నిలుస్తుంది.

దగ్గరగా కూర్చునేవాళ్లకు మాత్రం పెద్ద హారన్ ఇబ్బందే. వూఫర్ కిందా హారన్ పైనా ఉంటే, ఆరడుగుల లోపు కూర్చున్న చెవికి అవి రెండు నోళ్లుగా వినపడతాయి. మృదంగం మోకాళ్ల దగ్గర, గొంతు తల మీద. పదడుగుల గదికి పొట్టి వేవ్‌గైడ్ ఉన్న చిన్న స్పీకరే న్యాయం. ఈ విషయంలో హారన్ వ్యతిరేకులు చెప్పేది పూర్తిగా ఒప్పుకోవాలి.

ఇంకా మిగిలింది ఊపు సంగతి. ద్రాక్షారామలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణలోనో, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణలోనో మీటు పడే క్షణాన్ని వింటే తెలుస్తుంది. గోరు తీగను వదిలిన ఆ మొదటి తృటిలో శబ్దం ఒక్కసారి లేచి, వెంటనే సగానికి దిగి, ఆ తరవాత గమకం సాగుతుంది. పాట సగటున పావు వాటుతో నడుస్తుంటే, ఆ లేచే మొన 20 డెసిబెల్స్ పైకి పోతే దానికి వంద రెట్లు, అంటే పాతిక వాట్లు కావాలి. డబ్బా స్పీకర్‌కు మంచి యాంప్లిఫైయర్ ఉంటే అదేమీ అసాధ్యం కాదు. కానీ మూడు, ఐదు వాట్ల వాల్వ్ సెట్టుతో డబ్బా వింటే ఆ మొన మొద్దుబారుతుంది, వీణ మెత్తబడుతుంది. 300బి వాల్వ్ ఒక్కటి మామూలుగా ఇచ్చేది సుమారు ఎనిమిది వాట్లే, దాన్ని ప్రేమించేవాళ్లు హారన్ దగ్గరికి చేరడం అందువల్లే. రాజోలు దగ్గర శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గొంతు మంద్రంలోకి దిగేటప్పుడు గుసగుసంత తగ్గుతుంది. డెల్టాలో మార్చి నుంచి సీలింగ్ ఫ్యాన్ ఆపి వినడం జరగని పని. ఆ ఫ్యాను హోరు కింద ఆ గుసగుస మునిగిపోతుంది. మనం వాల్యూం పెంచుతాం, అప్పుడు తారస్థాయి మీద పడుతుంది. దిశ ఉన్న స్పీకర్‌తో గొంతు నేరుగా చెవికే చేరడం వల్ల, అంత పెంచకుండానే ఆ మంద్రం కొంత దొరుకుతుంది. తారస్థాయికి వచ్చేసరికి కాయిల్ వేడెక్కి మోత తగ్గించదు. ఇది చిన్న లాభం కాదు.

దానికి ధర కూడా ఉంది. 18 డెసిబెల్స్ ఎక్కువ సామర్థ్యం పాటకు ఒక్కదానికే కాదు, యాంప్లిఫైయర్‌లోని సరసర మోతకూ, కరెంటు గుర్రుకూ కూడా వర్తిస్తుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత ఇంటి వైరింగ్‌తో హారన్ పెట్టినవాడికి పాట లేనప్పుడు కూడా ఒక తుమ్మెద గదిలో ఉన్నట్టే ఉంటుంది. స్పీకర్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పిట్ చూపించుకోవడం చవకైన పని, తరవాత తల బాదుకోవడం కంటే.

తగువు తెగాలంటే చేసి చూడగలిగిన పరీక్ష ఒకటి డెల్టాలో సులువుగా దొరుకుతుంది, ఎందుకంటే చాలా ఇళ్లకు ఇంకా పెరడు ఉంది. వర్షం లేని రాత్రి, పది కాకముందే, హారన్ స్పీకర్‌నూ డబ్బా స్పీకర్‌నూ బయటికి మోసుకెళ్లి కొబ్బరి చెట్ల మధ్య రెండు బల్లల మీద పక్కపక్కనే పెట్టి, మోత ఒకే స్థాయికి సరిచేసి, ఒకే కీర్తన రెండిటిలోనూ వినాలి. అక్కడ గోడ లేదు, స్లాబు లేదు, చెవికి చేరేది దాదాపు స్పీకర్ గొంతే. కుండ గొంతు అక్కడ కూడా వినిపిస్తే అది ఆ హారన్ తప్పే, మూతి మార్చాల్సిందే. రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తే, అవే రెంటినీ లోపల హాల్లో పెట్టి, కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి అదే కీర్తన పెట్టాలి. అప్పుడు వచ్చిన తేడా అంతా ఆ ఇంటి గదిది.